అంతర్జాల విపణిలో ఆభరణ వర్ణన: తెలుగు రత్నపదాల అర్థసందిగ్ధత, నిజాయితీ ప్రమాణాలు

వ్యాససంగ్రహం: అంతర్జాలంలో నగలను అమ్మేటప్పుడు వాడే తెలుగు మాటలు ఎక్కడ సందిగ్ధతకు తావిస్తున్నాయో, ఆ సందిగ్ధతను తొలగించే వర్ణన ఎలా ఉండాలో ఈ వ్యాసం వివరిస్తుంది. రత్నాల పేర్లు, 'అసలు' వంటి విశేషణాలు, తూకపు మాటలు, హాల్‌మార్క్ పరిధి అనే నాలుగు అంశాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కెంపు, జాతిరాయి, తులం, నికర బరువు, హాల్‌మార్క్, వినియోగదారుల హక్కులు.

1. ప్రవేశిక

నగల దుకాణంలో కొనేవారు వస్తువును చేతిలోకి తీసుకుంటారు, వెలుతురులో తిప్పి చూస్తారు, ఎదుటనే తూకం వేయించుకుంటారు. అంతర్జాలంలో ఈ మూడూ ఉండవు. ఛాయాచిత్రం రంగును, పనితనాన్ని చూపగలదు గాని ఎర్రరాయి కెంపో గాజో చెప్పలేదు. అందువల్ల అక్కడ వర్ణనే వస్తువుకు ప్రతినిధి.

తెలుగు కుటుంబాల్లో నగ అలంకారం మాత్రమే కాదు; ఆపదవేళ తాకట్టుకు అక్కరకు వచ్చే స్త్రీధనం. తాకట్టు పెట్టుకునేవారు రాళ్ల బరువు, లక్క బరువు తీసివేసి బంగారానికే విలువ కడతారు. వర్ణనలోని లోపం చాలాసార్లు ఆ రోజునే బయటపడుతుంది. అప్పటికి వస్తువును తిరిగి ఇచ్చే గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది.

2. పూర్వరంగం

రత్నవర్ణనకు శాస్త్రనియమం ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ద్వితీయాధికరణంలో కోశంలో చేర్చదగిన రత్నాల పరీక్షకు ఒక ప్రకరణం ఉంది. ముత్యం, మణి, వజ్రం మొదలైనవాటి పుట్టుకను, గుణాలను, దోషాలను అది విడివిడిగా పేర్కొంటుంది. అదే అధికరణం స్వర్ణకారుల పనిలో బంగారాన్ని అపహరించే ఐదు ఉపాయాలను లెక్కిస్తుంది. వాటిలో మొదటిది తక్కెడలో మోసం. పుట్టుక, గుణం, దోషం అన్న ఈ త్రయం నేటి వర్ణనకూ మూలసూత్రంగా నిలుస్తుంది. నేటి ప్రకటనల్లో గుణం విస్తారంగా, పుట్టుక అస్పష్టంగా ఉంటాయి. దోషం తరచు కనిపించనే కనిపించదు.

3. రంగు పేర్లే రత్నాల పేర్లు

నవరత్నాలలో కెంపు, పచ్చ, నీలం అన్న మూడింటి పేర్లూ రంగుల పేర్లే. 'పచ్చరాళ్ల దుద్దులు' అన్నప్పుడు మరకతాలు పొదిగిన దుద్దులనీ, ఆకుపచ్చ రంగు రాళ్ల దుద్దులనీ రెండర్థాలు వస్తాయి. అమ్మేవారు రెండో అర్థంలో వాడినదాన్ని కొనేవారు మొదటి అర్థంలో గ్రహించే అవకాశం భాషలోనే ఉంది. ఆలయ నగలలో 'కెంపులు'గా చెలామణి అయ్యేవి చాలావరకు ఎర్రగాజు రాళ్లు లేదా కృత్రిమ రాళ్లు. నాట్యాభరణంగా వాటి విలువ వాటికుంది. వాటిని ఖనిజరత్నాలుగా భ్రమింపజేయడమే దోషం.

రంగును బట్టి రత్నాన్ని నిర్ణయించడంలోని ప్రమాదానికి బ్రిటిష్ రాజకిరీటంలోని 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' ప్రసిద్ధ నిదర్శనం. కెంపుగా పేరుపొందిన ఆ రాయి నిజానికి స్పినెల్ అనే వేరే ఖనిజం. కెంపు, నీలం మాత్రం రంగు వేరైనా కోరండం అనే ఒకే ఖనిజానికి చెందుతాయి. కనుక రంగుతోపాటు ఖనిజనామం కూడా చెప్పినప్పుడే వర్ణన పూర్తవుతుంది.

వ్యాపారనామాలు ఈ చిక్కును పెంచుతాయి. 'అమెరికన్ డైమండ్' వజ్రం కాదు. అది క్యూబిక్ జిర్కోనియా. 'వన్ గ్రామ్ గోల్డ్' నగలో ఒక గ్రాము బంగారం ఉందన్న హామీ ఏదీ లేదు. అది బంగారు పూత నగలకు వాడుకలో స్థిరపడిన పేరు.

4. 'అసలు', 'జాతి', 'సహజ'

తెలుగు వ్యవహారంలో 'జాతిరాయి', 'జాతిముత్యం' అన్నవి కృత్రిమం కానిదాన్ని సూచిస్తాయి. 'అసలు' అన్న మాటకు ఆ కచ్చితత్వం లేదు. ప్రయోగశాలలో పెంచిన వజ్రం కూడా స్ఫటికాకృతి పొందిన కర్బనమే; రసాయనికంగా అది వజ్రమే. అయితే అది భూగర్భంలో పుట్టినది కాదు, మార్కెట్లో దాని ధర సహజ వజ్రం ధర కన్నా చాలా తక్కువ. 'అసలైన వజ్రం' అన్న వర్ణన అబద్ధం కాకుండానే తప్పుదారి పట్టించగలదు. 'సహజం', 'ప్రయోగశాలలో పెంచినది', 'అనుకరణ' అన్న మూడు మాటలలో ఒకటి తప్పనిసరిగా ఉంటే ఈ చిక్కు తీరుతుంది. ఫ్రెంచి రసాయనవేత్త వెర్నాయ్ పద్ధతిలో కృత్రిమ కెంపుల తయారీ ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలోనే మొదలైంది. కాబట్టి అమ్మమ్మ కాలంనాటిదన్న ఒక్క కారణంతో ఎర్రరాయి సహజమని చెప్పడం సరికాదు.

సహజరత్నానికి చేసిన సంస్కారమూ చెప్పవలసిందే. కెంపును వేడిచేయడం, మరకతంలోని పగుళ్లను నూనెతో నింపడం వ్యాపారంలో అంగీకృతమైన పద్ధతులే. సీసపు గాజు నింపిన కెంపు విషయం వేరు. మరమ్మతు సమయంలో కంసాలి మంట తగిలినా, ఆమ్లద్రవం తగిలినా ఆ గాజు దెబ్బతింటుంది. దాని ధర వేరు, దాన్ని కాపాడుకునే తీరు వేరు.

స్థలనామాల్లోనూ జాగ్రత్త అవసరం. హైదరాబాదు ముత్యాలు దొరికే చోటు కాదు. ముత్యాలను బెజ్జం వేసి, ఏరి, గుచ్చే పనితనానికి పేరొందిన నగరం. 'హైదరాబాద్ ముత్యాలు' అన్నప్పుడు ముత్యం ఎక్కడిదో, అది సాగుముత్యమో కాదో వేరుగా చెప్పాలి. 'గోల్కొండ వజ్రం' అన్న మాట ఒకప్పుడు కృష్ణాతీరపు గనుల్లో పుట్టిన వజ్రాన్ని సూచించేది. నేటి వ్యాపారంలో నత్రజని దాదాపుగా లేని స్వచ్ఛమైన వజ్రాలకూ ఆ పేరు పెడుతున్నారు. పుట్టుకనా, నాణ్యతనా, దేన్ని సూచిస్తున్నారో వర్ణనలో తేలాలి.

5. తూకపు మాటలు

'క్యారెట్' ఒకే మాట, రెండు కొలతలు. బంగారం విషయంలో అది 24 భాగాల్లో స్వచ్ఛతను, రత్నాల విషయంలో 200 మిల్లీగ్రాముల బరువును తెలుపుతుంది. 'ఒక క్యారెట్ వజ్రాల ఉంగరం' అన్నప్పుడు ఒకే వజ్రం ఒక క్యారెట్టా, చిన్న వజ్రాలన్నీ కలిపి ఒక క్యారెట్టా అన్నది ధరను ఎంతో మారుస్తుంది.

తులం పాత లెక్కలో సుమారు 11.66 గ్రాములు, తెలంగాణలో నేటి వ్యవహారంలో 10 గ్రాములు. ఆంధ్ర ప్రాంతంలో కాసు అంటే 8 గ్రాములు. ఐదు తులాల నగలో ఈ రెండు తులాల లెక్కల తేడా సుమారు 8.3 గ్రాములు, అంటే ఒక కాసు కన్నా ఎక్కువ. 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రామాణిక ప్రమాణాలు కాని వాటితో ధరను, పరిమాణాన్ని ప్రకటించడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి గ్రాములే శరణ్యం.

6. హాల్‌మార్క్, చట్టపరిధి

బంగారు నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ 2021 జూన్ 16న దశలవారీగా మొదలైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగపై అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు ఉంది. ముఖ్యమైన విషయమేమిటంటే హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే సాక్ష్యం. అందులో పొదిగిన రాళ్ల గురించి అది ఏమీ చెప్పదు. 'హాల్‌మార్క్ కెంపుల హారం' అన్న మాటలో బంగారానికున్న సాక్ష్యం రాళ్లకూ ఉందన్న భ్రమ దాగి ఉంది.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ప్రకటన వస్తువు వాస్తవ లక్షణాలకు అనుగుణంగా ఉండాలి. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోవడానికి అమ్మేవారు నిరాకరించరాదు. 'అందమైన పచ్చరాళ్లు' అన్న వర్ణనపై ఈ హక్కును నిలబెట్టుకోవడం కష్టం. 'సహజ మరకతాలు' అన్న వర్ణనపై తేలిక. వర్ణన కచ్చితంగా ఉన్నప్పుడే చట్టం చేతికి అందుతుంది.

7. మాదిరి వర్ణన

పై అంశాలను అనుసరించి ఊహించిన ఒక హారం వర్ణన ఇలా ఉండవచ్చు: 'లోహం 22 క్యారెట్ బంగారం (916), హెచ్‌యూఐడీ ఉంది. మొత్తం బరువు 40 గ్రాములు; రాళ్లు, ముత్యాలు 9 గ్రాములు; నికర బంగారం 31 గ్రాములు. ఎర్రరాళ్లు ప్రయోగశాలలో తయారైన కెంపులు. ఆకుపచ్చ రాళ్లు గాజు. ముత్యాలు చైనా మంచినీటి సాగుముత్యాలు, హైదరాబాదులో గుచ్చినవి. బంగారం ధర, రాళ్ల ధర, తరుగు, మజూరీ విడివిడిగా. ఒక రాయికి అంచున చిన్న పెచ్చు ఊడింది, చిత్రంలో చూపాం.'

ఇందులో అలంకారం లేదు. అయినా ఆ 9 గ్రాములకు బంగారం ధర చెల్లించనక్కరలేదని కొనేవారికి తెలుస్తుంది. తాకట్టువేళ లెక్కకు వచ్చేది 31 గ్రాములే అన్నదీ ముందే తెలుస్తుంది.

8. ముగింపు

ఆభరణ వర్ణనలో మోసం ఎల్లప్పుడూ అబద్ధం రూపంలో ఉండదు. రెండర్థాల మాట, చెప్పని సంస్కారం, విడదీయని బరువు కూడా ఆ పనే చేస్తాయి. 'జాతి', 'సాగు', 'నికర', 'తరుగు' వంటి కచ్చితమైన మాటలు తెలుగులో ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. వాటిని నిర్దిష్టార్థంలో స్థిరపరచడం పదకోశ నిర్మాతలకు, భాషాపరిశోధకులకు తగిన పని. వ్యాపారులు వాటిని పాటించిన మేరకు, నగను చూడకుండా డబ్బు చెల్లించే కొనుగోలుదారులకు రక్షణ దొరుకుతుంది.