వ్రాసిన మాట, పలికిన మాట

అచ్యుతాపురము ఉపన్యాసముల కలవాటుపడిన యూరు. విశాఖపట్టణమునకు నైఋతిదిశను, సముద్రమునకు చేరువగా నున్న యీ మండలము 2022వ సంవత్సరమున అనకాపల్లి జిల్లాలో చేరినది. పంటపొలములును తోటలును నున్న తావుల నిప్పుడు ప్రత్యేక ఆర్థికమండలి వెలసి, దుస్తుల తయారీ శాలలును, ఔషధ కర్మాగారములును నడచుచున్నవి. పరిశ్రమ వచ్చిన చోటికి వేదిక వచ్చును. వేదిక వచ్చిన చోటికి కాగితము వచ్చును. శంకుస్థాపన కొక యుపన్యాసము, ప్రారంభోత్సవమున కొకటి, ప్రమాదము జరిగిన నాడు మఱియొకటి. ఈ మూడు విధముల యుపన్యాసములను ఇంత తక్కువ కాలమున విన్న యూళ్లు మన దేశమున మిక్కిలి లేవు.

2024 ఆగస్టు 21వ తేదీ మధ్యాహ్నము ఇచ్చటి యొక ఔషధ కర్మాగారమున సంభవించిన ప్రేలుడులో 17 మంది మరణించిరి. మరునాడు ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబునాయుడు వచ్చి క్షతగాత్రులను పరామర్శించి, మృతుల కుటుంబములకు కోటి రూపాయల చొప్పునను, తీవ్రముగా గాయపడినవారికి 50 లక్షల చొప్పునను పరిహారము ప్రకటించిరి. ఐదు నెలలైనను నిండక పూర్వమే, 2025 జనవరి 8వ తేదీన, ప్రధానమంత్రి శ్రీ నరేంద్రమోదీ విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంజనీరింగు కళాశాల మైదానము నుండి ఈ మండలములోని పూడిమడక యొద్ద హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన గావించిరి. సుమారు 1,85,000 కోట్ల రూపాయల పెట్టుబడి యనియు, దినమునకు 1,500 టన్నుల ఉదజని యనియు లెక్కలు ప్రకటితమైనవి. ఒకనాడు చావుల లెక్క, ఒకనాడు కోట్ల లెక్క. రెండింటిని విన్నది ఆ ప్రజలే. కావున నాయకులు ఉపన్యాసమును ఎట్లు వ్రాయించుకొందురు, ఎట్లు చదువుదురు అను ప్రశ్న వారికి అలంకారశాస్త్ర చర్చ కాదు. అది వారి బ్రదుకునకు సంబంధించినది.

చదువుటను గూర్చి మన పూర్వులు ఊరకుండలేదు. పాణినీయశిక్ష ఆరుగురిని పాఠకాధములుగా నెన్నినది. రాగము దీయుచు చదువువాడు, వడివడిగా చదువువాడు, తల యూపుచు చదువువాడు, వ్రాసినదానిని చూచి చదువువాడు, అర్థ మెఱుగక చదువువాడు, కంఠబలము లేనివాడు. వీరే ఆ యార్గురు. వేదపాఠమునకై చెప్పిన యీ జాబితా నేటి బహిరంగసభ కెంత చక్కగా నమరుచున్నదో పాఠకులే యూహింపగలరు. ప్రతి వాక్యాంతమున గొంతు సాగదీసి చప్పట్లకై వేచియుండు నాయకుని మన మెఱుగుదుము. భోజనవేళ సమీపించుటచే నాలుగు పుటలను రెండు నిమిషములలో దాటించు మంత్రివర్యునిని ఎఱుగుదుము. కోటికిని లక్షకోట్లకును భేద మెఱుగక సున్నలను దిగమ్రింగువారినిగూడ నెఱుగుదుము. కంఠబలము లేని దోషము నొక్కదానిని ధ్వనివర్ధక యంత్రము తీర్చినది. తక్కిన యైదింటిని అది పదింతలు చేసి వినిపించుచున్నది.

ఐనను వ్రాతను చూచి చదువువారి నందఱను అధములనుట న్యాయముకాదని మా యభిప్రాయము. 1947 ఆగస్టు 14వ తేదీ యర్ధరాత్రమున రాజ్యాంగ పరిషత్తులో జవాహర్‌లాల్ నెహ్రూ చేసిన ప్రసంగము ముందుగా వ్రాసికొన్నదే. 1948 జనవరి 30వ తేదీ రాత్రి, మహాత్ముని హత్యావార్తను ఆకాశవాణిలో దేశమునకు తెలిపినపుడు ఆయన చేత కాగితము లేదు. ఆఱు నెలలైనను గడువని కాలములో ఒకే మనుష్యుడు రెండు విధములను అవలంబించెను. రెండును చరిత్రలో నిలిచినవి. మొదటిది ఒక జాతి తరఫున చేసిన ప్రతిజ్ఞ. ప్రతిజ్ఞకు పదము పదమును తూచుకొనవలెను. రెండవది శోకము, శోకమునకు చిత్తుప్రతి యుండదు. సందర్భ మెఱిగి కాగితమును పట్టుటయు, సందర్భ మెఱిగి విడుచుటయు వక్తకు వలయు వివేకము.

కాగితము లేకుండ మాటలాడువా డెల్ల సత్యవాది యను భ్రమయు మనకు వలదు. అష్టావధాన శతావధానములను చూచి మురిసిన జాతి గావున మనకు ధారణయందును ఆశువునందును మక్కువ యెక్కువ. చూడక యనర్గళముగా పలికినవానిని చూచి తల పంకింతుము. కాని గురజాడవారి గిరీశమున కే కాగితము అక్కర వచ్చెను? నోటిలో నాలుక యున్నంతసేపు వానికి లోటు లేదు. వ్రాతలేని మాటకు సాక్ష్యము లేదు. మరునాడు నేనట్లనలేదనుటకు తెరువు గలదు. వ్రాసిన మాటకు ఆ సౌకర్యము లేదు. ఈ మేలును మన మెఱుంగవలెను.

నోటిమాట గొప్పతనమును తెలుపు ఉదాహరణము మన చరిత్రలోనే గలదు. 1907వ సంవత్సరమున బిపినచంద్రపాలుడు ఆంధ్రదేశమున పర్యటించినపుడు ఆయన ఆంగ్లోపన్యాసములను రాజమహేంద్రవరమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనిగించి చెప్పిరి. మూలవక్త యెవరో, అనువక్త యెవరో మఱపించునట్లు భావమును తమ హృదయమున పుటము పెట్టి పలికి, సందర్భమునకు తగిన పద్యమునుగూడ ఆశువుగా చెప్పిరి. ఆ యుపన్యాసముల మాటలు చిలకమర్తివారివి కావు. కాని పలికినప్పుడు ఆయనవే యయ్యెను. అన్యుని వ్రాతను చదువు నేటి నాయకునికి కావలసిన విద్య యిదియే. వ్రాసినవాడు కార్యదర్శియైనను కావచ్చును, ఉద్యోగియైనను కావచ్చును, జీతమునకు కుదిరిన రచయితయైనను కావచ్చును. నాయకుడు దానిని ఒకమాఱైనను మనసున త్రిప్పుకొని తనదిగా జేసికొనెనా లేదా యనునదే ప్రశ్న.

అట్లు చేసికొననినాడు ఏమగునో లోకమునకు తెలిసినదే. 2011 ఫిబ్రవరి 11వ తేదీన ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో మన విదేశాంగమంత్రి శ్రీ ఎస్. ఎం. కృష్ణ తమ ప్రసంగమునకు మారుగా పోర్చుగల్ మంత్రి ప్రసంగపత్రమును పొరపాటున చేతబట్టి సుమారు మూడు నిమిషములు చదివిరి. పోర్చుగీసు భాష మాటలాడు రెండు దేశములు సభలో కలిసియుండుట సంతోషదాయకమను వాక్యమునుగూడ భారతదేశము పక్షమున పలికిరి. మన ప్రతినిధి వచ్చి సరిదిద్దువఱకు చదువు సాగుచునే యుండెను. కాగితములు తాఱుమా రగుట యెవరికైనను సంభవించును, దానికి నవ్వనక్కరలేదు. కాని రెండు దేశముల ప్రసంగములు మూడు నిమిషములపాటు ఒకదానికొకటి చెల్లిపోగలిగెననుట గమనింపదగినది. ఎవరు చదివినను చెల్లునట్లు వ్రాసిన మాట ఎవరిదియు కానేరదు.

ఇందులకు భిన్నమైన సందర్భ మొకటి రాజ్యాంగము చేతనే యేర్పడినది. రాజ్యాంగము 176వ అధికరణము ననుసరించి గవర్నరు శాసనసభలో చేయు ప్రసంగము మంత్రివర్గము వ్రాసినది. చదువుట మాత్రమే ఆయన విధి. 2023 జనవరి 9వ తేదీన తమిళనాడు గవర్నరు ఆ పత్రములోని కొన్ని మాటలను విడిచి చదువగా, ముద్రిత పాఠమే సభా దస్తావేజులలో నుండవలెనని ముఖ్యమంత్రి తీర్మానము ప్రతిపాదించిరి. గవర్నరు సభను విడిచి వెడలిరి. 2024 జనవరి 25వ తేదీన కేరళ గవర్నరు తుదిపేరా మాత్రము చదివి రెండు నిమిషములలోపల ముగించిరి. అచ్చట చదువుట రాజ్యాంగ ధర్మము. తన మాటను చేర్చుటయు, పరుల మాటను తీసివేయుటయు ధర్మభంగము. మంత్రికిని, శాసనసభ్యునికిని అట్టి కట్టుబాటు లేదు. బ్రిటిషు కామన్సు సభలో సభ్యులు ఉపన్యాసములను చూచి చదువరాదను సంప్రదాయము చిరకాలముగా నున్నది. సభ చర్చకై యున్నది, ఎదుటివాని మాట విని తన మాటను మార్చుకొనుటకై యున్నది, అను తత్త్వము దానిలో నిమిడియున్నది. ముందే వ్రాసికొని వచ్చినవానికి ఎదుటివాడు చెప్పినదానితో పనిలేదు గదా.

ఇక క్రొత్త యంత్రము వచ్చినది. టెలిప్రాంప్టరను దీనిలో వక్తకు ఇరువైపుల ఏటవాలుగా నిలిపిన గాజుపలకలుండును. క్రిందనున్న తెరమీది యక్షరములు ఆ గాజులో ప్రతిఫలించి వక్తకు కనబడును. సభాసదులకు గాజు మాత్రము స్వచ్ఛముగా తోచును. తెరవెనుక నొకడు వక్త వేగము ననుసరించి పంక్తులను జరుపుచుండును. 1952లో షికాగో నగరమున జరిగిన రిపబ్లికను పక్షమహాసభలో అమెరికా మాజీ అధ్యక్షుడు హూవరు దీని నుపయోగించెను. నేడు మన దేశమున సామాన్యమైనది. యంత్రమునందు దోషము లేదు. కాని కాగితము చేతబట్టినవాడు తాను చదువుచున్నానని ఒప్పుకొనుచున్నాడు; గాజును చూచి చదువువాడు మన కన్నులలోనికి చూచి మాటలాడుచున్నట్లు తోచును. చూపు మనవైపు, దృష్టి అక్షరములవైపు. ఈ భేదమును ప్రజలు తెలిసికొనియుండుట మంచిది.

ఈ సందర్భమున విశాఖపట్టణపు ఉక్కుకథను స్మరింపక తప్పదు. 1966లో ఉక్కు కర్మాగారముకై సాగిన ఉద్యమమున 32 మంది ప్రాణము లర్పించిరి. 1970 ఏప్రిల్ 17వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధి పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన చేసిరి. దానిని జాతికి అంకితము చేసినది 1992 ఆగస్టు 1వ తేదీన, ప్రధానమంత్రి పి. వి. నరసింహారావుగారు. రెండు సభలకు నడుమ ఇరువదియొక్క సంవత్సరములు గడచినవి. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆ కర్మాగారమున తన వాటా యంతయు విక్రయించుటకు సమ్మతించినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము మంజూరు చేసినది. ఈ నడుమ ఎన్ని యుపన్యాసములు జరిగెనో లెక్కలేదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అను నినాదము మాత్రము నిలిచియున్నది. దానిని ఏ కార్యదర్శియు వ్రాసి యీయలేదు. పలికినవారు దానికై వెల చెల్లించిరి. అందుచే అది నిలిచినది.

కావున మేము కోరునది కాగితమును నిషేధించుట కాదు. దానికి విలువ కలుగజేయుట. పెట్టుబడి యెంత, ఉద్యోగము లెన్ని, అందు స్థానికుల పాలెంత, భూములిచ్చిన రైతునకును కడలిపై బ్రదుకు పూడిమడక మత్స్యకారునకును చేకూరున దేమి, కర్మాగారములలో కార్మికుని ప్రాణరక్షణకు చేయు నేర్పాట్లేవి — ఇవి నోటికి వచ్చినట్లు చెప్పదగినవి కావు. వీనిని వ్రాసికొనియే రావలెను, వ్రాసినది వ్రాసినట్లే చదువవలెను. చదివిన ప్రతిని, చదివినవారి చేవ్రాలుతో, ఆ గ్రామపంచాయతీ కార్యాలయమున నుంచి పోవలెను. మరుసంవత్సరము వేదిక యెక్కినపుడు క్రొత్త కాగితము విప్పుటకు ముందు పాత కాగితమును చదువవలెను. అందులో జరిగినదేది, జరుగనిదేది చెప్పిన పిమ్మట మాత్రమే క్రొత్త వాగ్దానమునకు నోరు విప్పవలెను. ఈ యొక్క నియమమును పాటించినచో ఉపన్యాసముల నిడివి దానంతట నదియే సగమునకు తగ్గునని మేము నమ్ముచున్నాము.

శ్రోతలకును ధర్మము గలదు. జనులను బండ్లలో దెచ్చి యెండలో కూర్చుండబెట్టినచోట వక్త యేమి చదివినను చెల్లును. వినువారు అంకెలను గుర్తుంచుకొని తిరిగి యడుగుదురని తెలిసిననాడు, వ్రాసియిచ్చువాడు జాగ్రత్తగా వ్రాయును. చదువువాడు అర్థము తెలిసికొని చదువును.

మృత్యువు సంభవించిన యింట మాత్రము కాగితము వలదు. పరిహారపు లెక్క అవసరమైనదే. అది తప్పుపోకుండుటకై వ్రాసికొని చెప్పవచ్చును. కాని ఆ లెక్క ముగిసిన వెంటనే కాగితమును మడిచి జేబులో నుంచుకొనవలెను. భర్తను గోల్పోయిన యిల్లాలి యెదుట నిలిచినపుడు నాయకునికి మాట దొరకకపోయిన దోషము లేదు. తడబడినను ఎవరును నవ్వరు. ఆ తడబాటే అచ్చట సరియైన యుపన్యాసము.