మన ఎండకు, మన కరెంటుకు తగ్గ గేమింగ్ పీసీ

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కే కుర్రాళ్లలో చాలామంది ఫోన్‌లో ఓ జాబితా పట్టుకునే వస్తారు. ప్రాసెసర్ ఇది, గ్రాఫిక్స్ కార్డు ఇది, ర్యామ్ ఇంత అని యూట్యూబ్‌లో ఎవరో చెబితే రాసుకున్నది. చెప్పినాయన అమెరికాలోనో జర్మనీలోనో చల్లటి గదిలో కూర్చుని చెప్పి ఉంటాడు. అక్కడ కరెంటు పోదు, గోడలోని ప్లగ్గుకి ఎర్తింగ్ ఉంటుంది, దుమ్ము తక్కువ. అదే జాబితా మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మేడ మీద గదికి వచ్చిందంటే లెక్క మారిపోతుంది. ఆ మార్పు డబ్బు కట్టకముందే చేసుకోవాలి.

మానిటర్‌తో కలిపి లక్ష రూపాయలకు అటూ ఇటూగా ఖర్చు పెట్టగలిగే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్న సంగతులివి. ‘ఆ డబ్బుకి గేమింగ్ ల్యాప్‌టాప్ వస్తుంది కదరా’ అని పెద్దవాళ్లు అంటారు. వస్తుంది. కానీ దానిలోని గ్రాఫిక్స్ చిప్పుకి, అదే పేరున్న డెస్క్‌టాప్ కార్డుకి అందినంత కరెంటు అందదు. వేడి బయటికి పోయే దారీ ఇరుకే. మూడేళ్ల తర్వాత గ్రాఫిక్స్ ఒక్కటే మార్చుకుందామంటే కుదరదు. హాస్టల్‌కి మోసుకెళ్లే పని లేకపోతే డెస్క్‌టాప్‌దే పైచేయి.

స్క్రీన్ దగ్గర మొదలుపెట్టాలి

దుకాణంలో అడుగు పెట్టగానే ఎదురయ్యే ప్రశ్న ‘ఐ5 చూపించాలా అన్నా, ఐ7 చూపించాలా?’ అని. ప్రాసెసర్ పేర్లు అందరికీ తెలుసు కాబట్టి బేరం అక్కడ మొదలవుతుంది, సగం డబ్బూ అక్కడే కరిగిపోతుంది. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది ఏ ఆట ఆడతాం, ఏ స్క్రీన్ మీద ఆడతాం అన్నది.

ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద ఒక్కో ఫ్రేముకి గ్రాఫిక్స్ కార్డు దాదాపు 20.7 లక్షల చుక్కలకు రంగు వేయాలి. దుకాణాల్లో 2కే అని అమ్మే 2560, 1440 స్క్రీన్ మీద 36.9 లక్షల చుక్కలు. 4కే అయితే 82.9 లక్షలు. మన బడ్జెట్‌లో 4కే జోలికి పోకపోవడం మంచిది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలే లోకమైతే ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ లేదా ఆపైన ఉన్న మానిటర్ చాలు. అక్కడ బొమ్మ అందం కంటే సెకనుకి ఎన్ని ఫ్రేములన్నదే ముఖ్యం. ఆ ఫ్రేములు అందివ్వడంలో ప్రాసెసర్ పాత్రా పెద్దదే. సైబర్‌పంక్ 2077లా నగరమంతా వెలుగునీడలతో నిండిన ఆటను ఒంటరిగా, తీరుబడిగా ఆడుకునేవాళ్లకి 2కే మానిటర్ ఇచ్చే ఆనందం వేరు. అప్పుడు భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే.

అందుకే మొత్తం డబ్బులో మూడో వంతు నుంచి 40 శాతం దాకా గ్రాఫిక్స్ కార్డుకి పక్కన పెట్టి, మిగిలింది మిగతావాటికి పంచాలి. ఐ7 కొని దాని పక్కన చిన్న కార్డు పెట్టిన పీసీ, ఐ5 పక్కన మంచి కార్డు పెట్టిన పీసీ ముందు చాలా ఆటల్లో తేలిపోతుంది.

పేరొకటే, సరుకు వేరు

గ్రాఫిక్స్ కార్డుల పెట్టె మీద పేరు ఒక్కటే చదివితే సరిపోదు. ఆర్‌టీఎక్స్ 3050 అన్న పేరుతో 2022లో 8 జీబీ కార్డు వచ్చింది. 2024లో అదే పేరుతో 6 జీబీది వచ్చింది. తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, లోపలి కోర్లూ 2,560 నుంచి 2,304కి తగ్గాయి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐలోనూ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలోనూ 8 జీబీ, 16 జీబీ రకాలు రెండూ ఒకే పేరుతో అమ్ముతున్నారు. పెట్టె మూల చిన్న అక్షరాల్లో ఉండే ఆ అంకె చూడకుండా డబ్బు కట్టొద్దు.

మెమరీ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 2023 మార్చిలో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ మొదటి భాగం పీసీకి వచ్చినప్పుడు, 8 జీబీ కార్డున్నవాళ్లు సెట్టింగులు పెంచగానే ఆట తడబడింది. తర్వాత అప్‌డేట్లతో కొంత సర్దుకుంది కానీ గాలి ఎటు వీస్తోందో అప్పుడే తెలిసింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’ అయితే రే ట్రేసింగ్ చేయగల కార్డు లేకపోతే అసలు నడవదు. ఫుల్ హెచ్‌డీలో పోటీ ఆటలకైతే 8 జీబీ ఇప్పటికీ చాలు. నాలుగైదేళ్లు కొత్త ఆటలు ఆడాలంటే మాత్రం, ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగైనా సరే 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటిది తీసుకోమనే చెబుతాను.

సెకండ్ హ్యాండ్ కార్డుల సంగతి ఒక్క మాట. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వడం ఆగిపోయింది. అప్పటిదాకా రాత్రింబవళ్లు నడిచిన కార్డులెన్నో మార్కెట్లోకి వచ్చాయి. పాతది కొనడం తప్పేమీ కాదు. బిల్లు ఉండాలి, వారంటీ మిగిలి ఉండాలి, అమ్మేవాళ్ల ఎదురుగానే అరగంట ఆట నడిపించి చూడాలి.

ప్రాసెసర్, ర్యామ్ ఒకే బేరం

ప్రాసెసర్ ఎంచుకుంటే మదర్‌బోర్డు, ర్యామ్ రకం కూడా ఎంచుకున్నట్టే. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ చరిత్ర చూడండి. 2017లో మొదటి రైజెన్‌తో కొన్న బోర్డుల్లో చాలావాటికి, బయాస్ అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 మాత్రం 12, 13, 14 తరాలతో ఆగిపోయి, 2024లో కొత్త సాకెట్‌కి చోటిచ్చింది. ఏఎం5 ఇంకా నడుస్తున్న దారి. రైజెన్ 5 7600 లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్, సాదా బీ650 బోర్డు పెట్టుకుంటే, రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు ఉంటుంది.

చిక్కల్లా ర్యామ్‌తోనే. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతుంటే 2025 చివర్లో ర్యామ్ ధరలు కొండెక్కాయి. మైక్రాన్ కంపెనీ ఏకంగా మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. ఏఎం5 బోర్డుకి డీడీఆర్5 తప్ప వేరేది పట్టదు. అందుకని ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే ముందు దాని మూత తీసి చూడండి. మంచి డీడీఆర్4 స్టిక్కులు రెండు కనిపిస్తే, వాటితో ఏఎం4 బోర్డు, రైజెన్ 5 5600 పెట్టుకుని, మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెట్టడం ఇప్పుడు తెలివైన పని. కొత్తది కొనాల్సి వస్తే ఒకే పెట్టెలో వచ్చే జత తీసుకోవాలి. ఒక్క స్టిక్కుతో నడిపితే ప్రాసెసర్‌కి మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది.

ఎస్‌ఎస్‌డీకి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. 1 టీబీ ఎన్‌వీఎంఈ, జెన్4 ఏదైనా పేరున్నది చాలు.

అసలు పొదుపు చేయకూడని చోటు

అందరూ చివర్లో, జేబులో మిగిలిన డబ్బుతో కొనేది ఎస్‌ఎంపీఎస్. మన ఇళ్లలో అది మొదటి మూడింటిలో ఉండాలి. గోడలోంచి వచ్చే కరెంటు ఎలాంటిదైనా, లోపలున్న ఖరీదైన సరుకంతటికీ దాన్ని శుభ్రం చేసి ఇచ్చేది అదొక్కటే.

డబ్బా మీద 450 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంటే నమ్మేయకండి. పక్కకి తిప్పి స్టిక్కర్ చదవండి. అందులో 12 వోల్టుల గడి కింద ఆంపియర్లు రాసి ఉంటాయి. ఆ అంకెను 12తో హెచ్చవేయాలి. 18 ఆంపియర్లుంటే వచ్చేది 216 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా బతికేది ఆ 12 వోల్టుల మీదే కాబట్టి, మిగిలిన వాట్లు మనకు అక్కరకు రావు. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద ఆ గడిలో 45 ఆంపియర్ల దాకా కనిపిస్తుంది. 145 వాట్ల ఆర్‌టీఎక్స్ 5060, రైజెన్ 5 7600 ఉన్న పీసీకి 80 ప్లస్ బ్రాంజ్ 550 వాట్లది హాయిగా సరిపోతుంది. 850 వాట్లది కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆ తేడా డబ్బు వారంటీ ఎక్కువున్న మోడల్‌లో పెట్టండి.

క్యాబినెట్‌కి చెయ్యి తగిలితే సన్నగా జివ్వుమంటోందని చాలా ఇళ్లలో అంటుంటారు. పీసీ పాడైందని భయపడతారు. ఎక్కువసార్లు కారణం ఎర్తింగ్ లేకపోవడమే. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదను వడకట్టడానికి ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్ రేకుకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. ప్రవాహం బాగా తక్కువ కాబట్టి జివ్వుమనడంతో ఆగుతుంది. కానీ లోపల నిజంగా ఏదైనా తీగ ఊడి రేకుకి తగిలిన రోజున కాపాడేదీ ఆ ఎర్తే. పీసీకి లక్ష పెట్టేవాళ్లు ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క ప్లగ్గు ఎర్తింగ్ చూపించుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టడం మానేయాలి.

యూపీఎస్ దగ్గరా ఇలాగే అంకె మోసం చేస్తుంది. 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లే. ఆట ఆడుతున్నప్పుడు పీసీ, మానిటర్ కలిసి 300 వాట్లు దాటడం మామూలే. అంచు మీద నడిచే యూపీఎస్ కరెంటు పోగానే కుయ్యిమని పీసీని కూడా ఆర్పేస్తుంది. 1,000 వీఏ పైన తీసుకోవాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందంటారా, అది సైన్ వేవ్ రకమేనా, వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ వేసి ఉందా చూడండి.

ఇక ఎండ. గది 10 డిగ్రీలు వేడెక్కితే లోపలి చిప్పులూ దాదాపు అంతే వేడెక్కుతాయి. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచిన కార్డు, 40 డిగ్రీల గదిలో 85కి చేరుతుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి. ముందు భాగం మొత్తం గాజు పలకతో మూసిన క్యాబినెట్ చూడటానికి బాగుంటుంది కానీ గాలి పీల్చలేదు. జాలీ ముఖం, తీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్, ముందు రెండు, వెనక ఒకటి ఫ్యాన్లు, ప్రాసెసర్ మీద మామూలు టవర్ ఎయిర్ కూలర్ ఉంటే చాలు. రంగుల లైట్లకి పెట్టే డబ్బు ఇక్కడికి మళ్లించండి. నెలకోసారి ఫిల్టర్ దులపాలి. రోడ్డు పక్క ఇల్లయితే పదిహేను రోజులకోసారి.

బిల్లు, సూట్‌కేసు, మొదటి స్విచ్

‘బిల్లు వద్దంటే తగ్గిస్తా అన్నా’ అనే మాటకి పడిపోవద్దు. విడిభాగాల మీద జీఎస్‌టీ 18 శాతం కాబట్టి ఆశ పుట్టడం సహజమే. కానీ వస్తువు సీరియల్ నంబర్ రాసిన బిల్లు లేకపోతే రెండో ఏడు సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర మాట్లాడటానికి ఏమీ ఉండదు. పెట్టె లేకుండా విడిగా అమ్మే ‘ట్రే’ ప్రాసెసర్ చూపిస్తే, కూలర్ ఉందా, వారంటీ ఎవరిస్తారు అని అక్కడే అడగాలి.

అమెరికాలో ఉన్న అక్కో బావో వస్తుంటే సూట్‌కేసులో తెప్పించుకోవడం మన ఇళ్లలో మామూలే. తెప్పించుకోదగింది ప్రాసెసర్. చిన్నది, అరుదుగా పాడవుతుంది. గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు మాత్రం ఇక్కడే కొనమంటాను. వీటికి రిపేరు అవసరం పడే అవకాశం ఎక్కువ. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం.

బిగించేటప్పుడు రెండే ర్యామ్ స్టిక్కులుంటే, ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకేయాలి. మదర్‌బోర్డు సాకెట్ మీద వచ్చిన నల్ల మూతని పారేయకూడదు, వారంటీకి అడుగుతారు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాదు, కిందున్న గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి. ఐ5 12400ఎఫ్‌లా పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ అయితే మదర్‌బోర్డు వైపు అసలు బొమ్మే రాదు.

వెలిగాక బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. చేయకపోతే 6000 అని డబ్బు పోసి కొన్న డీడీఆర్5 సాధారణంగా 4800 దగ్గరే కూర్చుంటుంది. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని 60 దగ్గరే నెలల తరబడి ఆడేవాళ్లు ఎందరో ఉన్నారు.