వరిమడిలో నీరు, నత్రజని, పాషాణము

మడిలో నీరు నిలిపిన వరికి మేలని రైతులెల్లరు నెరిగినదే. ఆ నీటి క్రింద మంటిలో జరుగు వ్యవహారము మాత్రము కంటికి గానరాదు. పశ్చిమ బెంగాలునందును, బంగ్లాదేశమునందును కొన్ని జిల్లాల బియ్యములో విషము చేరుటకు ఆ వ్యవహారమే ముఖ్యకారణము.

1983లో కలకత్తా వైద్యులు పశ్చిమ బెంగాలు గ్రామస్థుల చర్మముపైని మచ్చలను, అరచేతుల గరుకుదనమును పరీక్షించి, గొట్టపు బావుల నీటిలోని ఆర్సెనిక్, అనగా పాషాణము, వాటికి మూలమని గుర్తించిరి. ప్రపంచారోగ్య సంస్థ త్రాగునీటికి విధించిన మేర లీటరుకు 10 మైక్రోగ్రాములు. అచట ననేక బావులలో నంతకు బెక్కు రెట్లు గలదు. అట్టి నీటితోనే బోరో అను వేసవి వరిని పండించుచున్నారు.

మంటిలోని పాషాణము సాధారణముగా ఇనుప త్రుప్పు నంటుకొని కదలక యుండును. మడి మునిగిన కొలది దినములలో మంటియందలి ప్రాణవాయువు తరిగిపోవును. అంతమాత్రమున సూక్ష్మజీవులు ఊపిరి మానవు. అవి మొదట నైట్రేటు నాశ్రయించి, దానిని నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి విడుచును. రైతు సొమ్ము పెట్టి కొన్న యెరువులో కొంత యిట్లే పోవుచున్నది. నైట్రేటు ముగిసిన పిమ్మట సూక్ష్మజీవులు ఇనుప త్రుప్పుపై బడును. త్రుప్పు కరగును, దాని నంటిన పాషాణము విడివడి, మరింత విషకరమైన రూపము దాల్చి, వరివేరు సిలికాను గ్రహించు దారినే లోనికి జొచ్చును.

నైట్రేటు సహాయముననే ఆ తీవ్రరూపమును తక్కువగా కదలెడి రూపమునకు మార్చు సూక్ష్మజీవులును గలవు. కాలిఫోర్నియాలోని మోనో సరస్సునుండి తీసిన యొకటి యీ పని చేయునని 2002లో ప్రకటితమైనది. కరగిన ఇనుమును మరల త్రుప్పుగా మార్చునవియు నున్నవి. అట్లని మడిలో నైట్రేటు కుమ్మరించుట తెలివి గాదు. అది త్వరలోనే గాలిపాలగును, లేదా దిగి బావినీటిలో గలియును.

ఇంతకంటె నీటిని అదుపుచేయుటయే సుకరము. చిల్లుల గొట్టమును మడిలో పాతి, నీరు మంటిమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగువకు జేరిన తరువాతనే మరల పెట్టవలెను. మన్ను నడుమనడుమ గాలి పీల్చుటచే త్రుప్పు నిలిచి, పాషాణమును బట్టియుంచును. పూత సమయమున మాత్రము మడి నారనీయరాదు.

అయితే యొక చిక్కు గలదు. ఆరిన మడిలో కాడ్మియమను మరియొక విషలోహము విడివడును. నీరు నిలిచినపుడు సూక్ష్మజీవులు పుట్టించు గంధకపు రూపము దానిని బంధించును. జపానులో జింజూ నదీతీరపు పొలములు గని నీటిచే చెడి, ఆ బియ్యము తిన్నవారి యెముకలు పెళుసెక్కినవి. ఆ జబ్బునకు కాడ్మియము కారణమని 1968లో జపాను ప్రభుత్వ మంగీకరించెను. కావున ఇట్టి ప్రాంతములలో నీటి పద్ధతి మార్చుటకు ముందు మంటిని, బావినీటిని రెండు లోహములకును పరీక్ష చేయింపవలెను.

పాషాణము గల బియ్యమును మంచినీరు సమృద్ధిగా పోసి వండి గంజి వార్చినచో విషము కొంత తగ్గును. ఆ నీరే చెడినదైన ప్రయోజనము లేదు. వార్చిన గంజిని త్రాగరాదు, పశువుల కుడితిలో కలుపరాదు.