పాత కారుకు బెల్టు.. పట్టు ఎక్కడ?

మండపేట: బియ్యం మిల్లుల పట్టణమైన మండపేట పరిసరాల్లోనూ ఒకప్పుడు కారు అనగానే అంబాసిడరే గుర్తుకు వచ్చేది. తాతల నాటి ఆ బండిని షెడ్డులోంచి బయటకు తీసి, టింకరింగ్ చేయించి, రంగు వేయించి, పెళ్లికో సంక్రాంతికో రోడ్డెక్కించాలన్నది ఎందరికో ముచ్చట. ఇంజను బాగుచేతకు, సీట్ల కుట్టుపనికి లెక్క చూడకుండా వెచ్చించేవారికి సైతం సీటు బెల్టు చివరికి గానీ గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చినా, దుకాణంలో దొరికిన పట్టీని తెచ్చి ఎక్కడో ఒకచోట బిగించి సరిపెడతారు. ప్రమాదమంతా ఆ 'ఎక్కడో ఒకచోట'లోనే ఉంది.

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరి నుంచి 2014 వరకు అంబాసిడర్ కార్లను తయారు చేసింది. ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి చేసిన కేంద్ర నిబంధన మాత్రం 1994లో గానీ అమలులోకి రాలేదు. అంతకు ముందు నాటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు, జీపులు చాలా వరకు బెల్టులు లేకుండానే వచ్చాయి. బెల్టు ధరించకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 నాటి చట్ట సవరణ చెబుతున్నా, ధరించాలన్న నిబంధన బెల్టులు అమర్చిన వాహనాలకే వర్తిస్తుంది. కాలువ గట్టు మీది చెట్టుకు ఈ మినహాయింపు తెలియదు. పాత కారులో డాష్‌బోర్డు గట్టి రేకుది, స్టీరింగు కడ్డీ ఢీకొన్నప్పుడు ముడుచుకునే రకం కాదు, ఎయిర్‌బ్యాగు ఊసే లేదు. అందుచేత కొత్త కారులో కంటే ఇందులోనే బెల్టు అవసరం ఎక్కువ.

1982లో ఎన్టీఆర్ 'చైతన్య రథం' సారథిగా పేరుపొందిన నందమూరి హరికృష్ణ, 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో జరిగిన కారు ప్రమాదంలో మరణించారు. ఆయన బెల్టు ధరించలేదని పోలీసులు అప్పట్లో తెలిపారు. ఏళ్ల తరబడి చక్రం తిప్పిన చేతులకూ ఆ పట్టీ అవసరమే.

బలమంతా బోల్టు దగ్గరే

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కార్లలో బెల్టు బిగించే చోట్లను పరీక్షించేటప్పుడు భుజం పట్టీని, నడుము పట్టీని ఒక్కొక్కదాన్ని సుమారు 1,350 కిలోల బలంతో లాగుతారు. వట్టి రేకుకు రంధ్రం వేసి బిగించిన బోల్టు ఆ లాగుడుకు రేకును చీల్చుకుని బయటకు వస్తుంది. రేకు వెనుక కనీసం మూడు మిల్లీమీటర్ల మందం గల ఉక్కు బిళ్లను అమర్చాలి. బెల్టులకు సాధారణంగా వాడేది 7/16 అంగుళాల సన్నమర గట్టి బోల్టు. దాని బదులు చేతికందిన బోల్టు వేయడం తగదు. గోదావరి డెల్టా తేమకు మ్యాట్ల కింద అడుగు రేకు తుప్పు పట్టి ఉంటుంది. పుట్టీ, రంగు దానిని కప్పివేస్తాయి. కనుక తుప్పు గీకి, రేకు మార్చి, బెల్టు బిళ్లలు వేసిన తరువాతే రంగు పని మొదలుపెట్టాలి.

ఎక్కడ బిగించాలన్న సందేహానికి సులువైన మార్గం ఉంది. అంబాసిడర్ శరీరం అన్నేళ్లలో పెద్దగా మారలేదు. బెల్టులతో వచ్చిన తరువాతి కాలపు కారును పక్కన పెట్టుకుని, కంపెనీ ఎంచుకున్న చోట్లను చూసి కొలతలు తీసుకోవచ్చు. భుజం పట్టీ పై కొస తలుపుల మధ్య పిల్లరుపై, భుజానికి సమంగానో కొంచెం ఎత్తులోనో ఉండాలి. భుజం కంటే కిందకు ఉంటే, ఢీకొన్నప్పుడు పట్టీ వెన్నెముకను అణచివేస్తుంది. నడుము పట్టీ పొట్టపై కాక తుంటి ఎముకలపై ఆనాలి.

నడుముకు మాత్రమే ఉండే రెండు కొసల బెల్టు చూడడానికి పాత కారుకు నప్పుతుంది. కానీ పైశరీరాన్ని అది ఆపలేదు, తల నేరుగా స్టీరింగుకు తగులుతుంది. వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో రూపొందించిన మూడు కొసల బెల్టే మేలు. ఆ పేటెంటును అందరూ వాడుకునేందుకు కంపెనీ అనుమతించింది. ఇందులోనూ రెండు రకాలున్నాయి. చేత్తో బిగించుకునే స్థిరమైన బెల్టులో చెడిపోయే యంత్రం లేదు గానీ, బిగించుకున్నాక ముందుకు వంగడం కష్టం. వదులుగా పెట్టుకుంటే ప్రయోజనం తగ్గుతుంది. దానంతట అదే చుట్టుకునే రీలు బెల్టు సౌకర్యమే. అయితే రీలును తయారీదారు చెప్పిన కోణంలోనే బిగించాలి. వంకరగా అమరిస్తే లోపలి గుండు పట్టేసి పట్టీ బయటకు రాదు, లేదా అవసరమైన వేళ పట్టుకోదు.

పాత సామాను దుకాణంలో చవకగా దొరికే బెల్టు జోలికి పోరాదు. ఒకసారి ప్రమాదంలో సాగిన పట్టీ రెండోసారి కాపాడదు. అంచులు పీచు లేచినా, ఎండకు వెలిసినా వదిలేయాలి. తెగిన పట్టీని దర్జీ చేత కుట్టించడం మరీ ప్రమాదకరం. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ 15140 ప్రమాణం ముద్ర, తయారీ తేదీ చూసుకోవాలి.

ఓపెన్ జీపుల సంగతి వేరు. భుజం పట్టీ బిగించేందుకు వాటికి పిల్లరే ఉండదు. సీటు వెనుక ఛాసిస్‌కు కలిపి గట్టి ఇనుప కమాను నిలిపితే తప్ప నడుము బెల్టుతోనే సరిపెట్టుకోవాలి.

యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించదలచినవారు ఇంకొకటి గమనించాలి. ఛాసిస్, శరీరం, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరిగిన వాహనానికి 2021 జులై నాటి నిబంధనలు ఆ హోదా ఇవ్వవు. బెల్టు కోసం రంధ్రాలు వేయించే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకుని, పని జరిగే ప్రతి దశలో ఫొటోలు తీయించుకుని ఉంచుకోవడం మంచిది.