చక్కెర చెయ్యి పట్టుకున్న ఉప్పు

1971లో కలకత్తాలోని ఒక పరిశోధన కేంద్రంలో గ్రంథాలయం గది పొట్లాలు కట్టే చోటైంది. ఒకరు గ్లూకోజు తూస్తుంటే ఇంకొకరు ఉప్పు, వంటసోడా కలుపుతున్నారు. పాలిథిన్ సంచుల మూతిని వేడి ఇస్త్రీతో అతికిస్తున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడా. లీటరుకు పడిన ఖర్చు 11 పైసలు.

ఆ సంచులు వెళ్లింది సరిహద్దు పక్కనున్న బన్‌గావ్‌కు. తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగింది. మంచాలు చాలక రోగులు నేల మీద పడి ఉన్నారు. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ పొడిని నీళ్లలో కలిపించి, కుళాయి ఉన్న డ్రముల్లో నింపించి, పట్టుకెళ్లి తాగించమని రోగుల బంధువులకే అప్పజెప్పారు. శిబిరాల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఆయన బృందం చూసిన సుమారు 3,700 మందిలో 3.6 శాతానికి దిగాయి.

తాగింది తాగినట్టే పోతున్న మనిషికి మళ్లీ నీళ్లే తాగిస్తే ప్రాణమెలా నిలిచింది?

మనం రోజుకు తీసుకునే నీరు రెండు లీటర్లు. పేగుల్లోకి చేరేది మాత్రం దాదాపు తొమ్మిది. మిగతా ఏడూ మన ఒంట్లోంచే వస్తాయి: లాలాజలం, జఠర రసం, పైత్యరసం, క్లోమ రసం, పేగు తానే ఊరించే నీరు. ఇంతటిలో మలంతో పోయేది గ్లాసెడు కూడా ఉండదు. మిగిలిందంతా రోజూ తిరిగి రక్తంలో కలుస్తుంది. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

అంత నీటినీ తోడే మోటారు పేగులో ఎక్కడా లేదు. నీరు ఉప్పు వెంట నడుస్తుంది, అంతే. పేగు గోడలోని ప్రతి కణానికీ రక్తం వైపున ఒక పంపు ఉంటుంది. అది సోడియాన్ని బయటికి తోస్తూనే ఉంటుంది కాబట్టి కణం లోపల ఎప్పుడూ సోడియం కరువే. అందుకే పేగులోని సోడియం కణంలోకి దూరాలని చూస్తుంది. దానికి దారులు చాలా ఉన్నాయి. వాటిలో ఒక తలుపు మాత్రం జంటగా వస్తేనే పనిచేస్తుంది: రెండు సోడియం అయాన్లు, వాటితో ఒక గ్లూకోజు అణువు. 1960 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ ఈ జంట సంగతి చెప్పారు. 1987లో ఎర్నెస్ట్ రైట్ బృందం ఆ తలుపు జన్యువును పట్టుకుంది.

కలరా క్రిమి పేగును కొరకదు, చీల్చదు. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగును రెండు చోట్ల దారంతో బిగించి, మధ్యలోకి క్రిములు లేకుండా వడగట్టిన ద్రవం ఎక్కించి చూశారు. పేగు నీటితో ఉబ్బిపోయింది. అంటే చేటు చేసేది క్రిమి వదిలే విషం. అది సోకిన కణాల్లో క్లోరైడ్ గేటు మూతపడకుండా తెరుచుకునే ఉంటుంది. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెనకే నీరు పేగులోకి దూకుతాయి. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా పోతుంది. మామూలుగా ఉప్పును లోపలికి పీల్చే దారి కూడా స్తంభిస్తుంది. కానీ ఇంత విధ్వంసంలోనూ గ్లూకోజు, సోడియం జంట తలుపు జోలికి ఆ విషం పోదు. బన్‌గావ్ డ్రముల్లోని నీళ్లు రక్తంలోకి చేరింది ఆ తలుపు పుణ్యమే.

మహలనబిస్‌కు ముందే, 1953లో, హేమేంద్రనాథ్ ఛటర్జీ ఇలాంటి ద్రావణం తాగించి కలరా రోగులను నిలబెట్టారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ పోయినంత కొలిచి అంతా తాగించి చూపాక, సెలైన్ అవసరం 80 శాతం తగ్గిందని తేలింది. మహలనబిస్‌కు పద్మవిభూషణ్ వచ్చింది 2023లో, ఆయన పోయిన మరుసటి ఏడాది. బతికుండగా ఇవ్వలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఓఆర్‌ఎస్ అని మనం పిలిచే ఈ మందు ప్రాణమంతా పాళ్లలో ఉంది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లూకోజును లీటరుకు 13.5 గ్రాములకు, ఉప్పును 2.6 గ్రాములకు తగ్గించింది. చక్కెర మోతాదు మించితే, తలుపు దాటలేక పేగులో మిగిలింది ఒంట్లోని నీటినే తనవైపు లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అలాంటి తీపి పానీయాలే ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపుల్లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఈ పాళ్లకు సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది.

మన ఇళ్లలో ఉప్పేసి తాగించే గంజికీ ఇందులో చోటుంది. గంజిలోని పిండి పేగులో కొద్దికొద్దిగా గ్లూకోజుగా విడిపోతుంది, ఒక్కసారిగా నీటిని లాగదు. బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరా రోగుల్లో విరేచనాల పరిమాణాన్ని తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది కూడా.

లీటరు ప్యాకెట్‌ను మొత్తం ఒకేసారి లీటరు నీటిలో కలపాలి. గ్లాసులో కాస్త పొడి చల్లి ఇస్తే పాళ్లు తప్పుతాయి. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో మొదలుపెట్టాలి, ఈసారి ఇంకా నెమ్మదిగా.