చెంబెడు నీళ్ల లెక్క

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నీళ్లంటే భయమే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పక్క కిడ్నీ జబ్బు ఎరగని వీధి ఉండదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ మీదున్న మనిషికి సిస్టర్ రోజూ అప్పజెప్పే లెక్క ఒకటుంది: నిన్న పోసిన మూత్రం ఎంతో చూసుకుని, దానికి ఉజ్జాయింపుగా అర లీటరు కలుపుకుని తాగాలి, అంతే.

మందస కొండల్లోని సవర ఊళ్ల నుంచి సికిల్ సెల్ జబ్బున్న పిల్లాడొస్తే అదే సిస్టర్ లెక్క తిరగేయాలి. ‘అడక్కముందే తాగించమ్మా!’

ఎందుకంటే తప్పంతా హిమోగ్లోబిన్‌లో ఉంది. అమైనో ఆమ్లాలే పూసలుగా ఉన్న 146 పూసల దండలో 6వ పూస మారింది. మారింది ఒక్క పూసేనని 1957లో కేంబ్రిడ్జ్‌లో శాస్త్రవేత్త వెర్నన్ ఇంగ్రామ్ చూపించాడు. ఆక్సిజన్ వదిలేశాక ఈ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని ఊచల్లా పేరుకుంటుంది. గుండ్రటి కణం కొడవలిలా వంగి సన్నటి నాళంలో ఇరుక్కుంటుంది. కణంలో నీరు తగ్గిన కొద్దీ ఆ అతుకు ముదురుతుంది. పైగా ఈ జబ్బులో కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు. పిల్లాడు పక్క తడిపితే అది బద్ధకం కాదు, కొట్టకండి.

కణాలు ఇరుక్కున్న చోట నొప్పి. చాలాసార్లు వాపుండదు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. అందుకే నటన అనుకునేవాళ్లున్నారు, ఆసుపత్రుల్లో కూడా. ‘నొప్పి రూపాయిలో ఎన్నణాలుంది?’ అని అడిగి, పన్నెండణాలంటే పన్నెండని రాసుకుని, మందిచ్చాక మళ్లీ అడగడమే నర్సు పని. కాపడం పెట్టాలి. ఐసు పెడితే నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. మందుల కొట్లో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు మాత్రం వద్దు, ఇక్కడ మరీను. అసలే నీరసించిన కిడ్నీ మీద అవి ఇంకో దెబ్బ.

జ్వరం 101 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. ఈ పిల్లల్లో ప్లీహం చిన్నప్పుడే చెడిపోతుంది, దాంతో సూక్ష్మజీవుల్ని ఆపే కాపలా పోతుంది. ఒక్కోసారి రక్తం చాలావరకు అందులోనే నిలిచిపోయి పిల్లాడు గంటల్లో తెల్లగా పాలిపోతాడు. జమైకాలో తల్లులకే ప్లీహం తడిమి చూడడం నేర్పారు, చావులు తగ్గాయి. ఖర్చేమీ లేదు. పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల కింద తల్లి వేళ్లు ఆనించి, వాటి మీద సిస్టర్ తన వేళ్లు పెట్టి మెల్లగా నొక్కుతుంది. నిన్న రెండు వేళ్ల మేర తగిలింది ఇవాళ నాలుగైతే, కొండ దిగి టెక్కలి ఆసుపత్రికి బండెక్కాల్సిందే.