సెలవు మాట, తీపి మాట, పరభాష

పరభాష నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థులు ఏ దేశంలోనైనా తొలి నెలల్లో ఒకరినొకరు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే: సెలవుల్లో ఎక్కడికి వెళ్లారు, పండుగకు ఏం వండుకున్నారు, అందులో మీకేది ఇష్టం. పొద్దుపోక చెప్పుకునే ముచ్చట్లలా కనిపించే ఈ సంభాషణల వెనుక అర్ధశతాబ్దపు బోధనా చింతన ఉంది. ఐరోపా దేశాల ఉమ్మడి సంస్థ అయిన ఐరోపా మండలి 1975లో వెలువరించిన ‘థ్రెషోల్డ్ లెవెల్’ అనే గ్రంథం, వ్యాకరణ సూత్రాలను వరుసగా అప్పజెప్పించే పద్ధతిని పక్కనపెట్టి, ఒక మనిషి కొత్త భాషతో నిత్యజీవితంలో ఏయే పనులు చేయవలసి వస్తుందో ముందుగా గుర్తించి, వాటికి కావలసిన మాటలను ఆ తరువాత సమకూర్చింది. థ్రెషోల్డ్ అంటే గడప. ఆ భాష మాట్లాడేవారి ఇంట్లో అడుగుపెట్టడానికి చాలినంత పరిజ్ఞానమని అర్థం. ఇదే ఆలోచన పెరిగి 2001లో, ఏ1 నుండి సీ2 వరకు ఆరు మెట్లుగా భాషా సామర్థ్యాన్ని కొలిచే ఐరోపా ప్రమాణమైంది. నేడు హైదరాబాదులోనో విజయవాడలోనో జర్మన్ నేర్చుకునే విద్యార్థి రాసే పరీక్షలు ఆ మెట్ల ప్రకారమే ఉంటాయి.

జర్మన్ ప్రస్తావన కారణం లేకుండా వచ్చింది కాదు. జర్మనీ విశ్వవిద్యాలయాల్లోని విదేశీ విద్యార్థుల్లో 2022-23 నుండి భారతీయులదే మొదటి స్థానం. తెలుగు యువతీయువకులు కూడా ఆ దారిన పెద్ద సంఖ్యలో వెళుతున్నారు. వారికి తరగతిలో మొదట ఎదురయ్యే చిక్కుల్లో ఒకటి ‘సెలవు’ అనే మాటే. బడికీ కళాశాలకూ వచ్చే సెలవులు ‘ఫేరియన్’, ఉద్యోగి తీసుకునే సెలవు ‘ఊర్లౌప్’, పండుగనాటి ప్రభుత్వ సెలవు ‘ఫైయర్‌టాగ్’. ఒక్క తెలుగు మాట అక్కడ మూడుగా చీలిపోతుంది. అయితే వీటిలో ‘ఊర్లౌప్’ పుట్టుక తెలిసినప్పుడు ఆ పరాయితనం కొంత తొలగుతుంది. పాత జర్మన్‌లో ఆ మాటకు అర్థం అనుమతి, ముఖ్యంగా పెద్దల సమ్ముఖం నుండి వెళ్లడానికి పొందే అనుమతి. తెలుగులో అతిథి ‘సెలవు తీసుకుంటాను’ అన్నప్పుడూ, పెద్దలు ‘సెలవిచ్చారు’ అన్నప్పుడూ వినిపించేది ఈ అర్థచ్ఛాయే. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని రెండు భాషలు, విశ్రాంతి దినానికి అనుమతి నుండే పేరు తెచ్చుకున్నాయి. ఇలాంటి సామ్యం ఒక్కటి పట్టుబడితే ఆ మాటను విడిగా వల్లె వేయవలసిన పని ఉండదు.

తీపి వంటల మాట వచ్చేసరికి ఈ లాభం మరింత స్పష్టమవుతుంది. రుచిని చెప్పడానికి జర్మన్లు తరచుగా వాడే వాక్యం ‘మియర్ ష్మెక్ట్’తో మొదలవుతుంది. ఇంగ్లీషు మీదుగా జర్మన్ నేర్చుకునే విద్యార్థికి ఇది తలకిందులుగా తోస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త, వంటకం కర్మ. కాని ‘మియర్’ అంటే ‘నాకు’. ‘ష్మెక్ట్’ అంటే ‘రుచిస్తుంది’. తెలుగులో ‘నాకు అరిసెలు రుచిస్తాయి’ అన్నంత సహజంగా జర్మన్ వాక్యం నడుస్తుంది. ‘నాకు నచ్చింది’, ‘నాకు చలిగా ఉంది’ అనే వాక్యాలకూ అక్కడ ఇదే పోలిక ఉంది. తెలుగులో కు, కి ప్రత్యయాలు చేసే ఈ పని జర్మన్‌లో సర్వనామ రూపాన్ని మార్చడం ద్వారా జరుగుతుంది. అలాగే కారణం చెప్పే ఉపవాక్యంలో జర్మన్ క్రియ చివరికి జరుగుతుంది. క్రియను చివర నిలపడం తెలుగువారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంత దగ్గరి సహాయం ఇంటిలోనే ఉండగా, ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులోకి, ఆపైన జర్మన్‌లోకి మార్చుకొమ్మని విద్యార్థికి నేర్పడం అతని చేతి ఊతకర్రను లాగేసుకోవడమే. తెలుగు పునాదిగా రాసిన జర్మన్ వాచకాల అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

అన్నీ తేలికేనని దీనికి అర్థం కాదు. సెలవుల కబురు చెప్పాలంటే భూతకాలం కావాలి. ‘వెళ్లాను’, ‘తిన్నాను’ అని తెలుగు ఒక్కొక్క మాటలో ముగించేదాన్ని వాడుక జర్మన్ రెండేసి క్రియలతో చెబుతుంది, పైగా ప్రయాణానికి ఒక సహాయక క్రియను, భోజనానికి మరొకదాన్ని జోడిస్తుంది.

అసలైన పరీక్ష పూతరేకును వివరించమన్నప్పుడు ఎదురవుతుంది. నిఘంటువులో దానికి మాట లేదు. బియ్యాన్ని నానబెట్టి పలుచగా రుబ్బిన పిండిలో గుడ్డను ముంచి, బోర్లించి కాల్చిన కుండపై ఒక్కసారి లాగితే క్షణంలో ఊడివచ్చే పొర అనీ, దానిలో నెయ్యి, బెల్లమో చక్కెరో వేసి మడుస్తారనీ చెప్పడానికి విద్యార్థి తనకున్న కొద్దిపాటి మాటలన్నింటినీ కూడగట్టుకోవాలి. అవతలివారు ‘కాగితమా?’ అని అడుగుతారు. కాదని మరోలా చెప్పవలసి వస్తుంది. ఇలా ఇద్దరూ అర్థం కుదిరేవరకు మాటను సవరించుకునే ప్రక్రియకే భాషావేత్త మైకేల్ లాంగ్ 1980ల నుండి ప్రాధాన్యం ఇచ్చారు. అర్థం కుదరని ఆ క్షణాలే నేర్చుకోవడానికి తోడ్పడతాయని ఆయన వాదం.

బదులుగా జర్మనీలోని డ్రెస్డెన్ నగర విద్యార్థి చెప్పే ష్టోలెన్ కథ వినదగినది. ఎండు ద్రాక్షలు కలిపి కాల్చి, వెన్న పూసి, పైన చక్కెర పొడి చల్లే ఈ క్రిస్మస్ రొట్టెలో ఒకప్పుడు వెన్న ఉండేది కాదు, ఎందుకంటే పండుగకు ముందటి ఉపవాస దినాల్లో చర్చి దాన్ని నిషేధించింది; 1491లో పోప్ ఎనిమిదవ ఇన్నోసెంట్ పంపిన అనుమతి లేఖ తరువాతనే ఆ రొట్టెకు వెన్న దక్కింది. నేడు డ్రెస్డెన్ ష్టోలెన్‌కు ఐరోపా సమాఖ్యలో భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భారతదేశంలో అదే తరహా గుర్తింపు లభించింది. ఊరి పేరుతో తీపిని గుర్తుపెట్టుకోవడం రెండు చోట్లా ఉన్న అలవాటే.

ఇటువంటి ఇచ్చిపుచ్చుకోలుకు ఐరోపాలో ‘తాండెం’ అని పేరు. ఇద్దరు తొక్కే సైకిలు నుండి వచ్చిన ఈ మాట, చెరి సగం సమయం చెరొక భాషలో మాట్లాడుకుంటూ ఒకరికొకరు గురువులయ్యే పద్ధతిని సూచిస్తుంది. ఫ్రాన్స్, జర్మనీల మధ్య కుదిరిన 1963 ఒప్పందం తరువాత పెరిగిన ఫ్రెంచి, జర్మన్ యువజన కలయికల్లో ఇది రూపుదిద్దుకుంది. తెలుగు నేర్చుకునే జర్మన్ విద్యార్థికి ఇందులో తన వంతు కష్టం తప్పదు. జర్మన్‌లో ‘వియర్’ అనే ఒక్క సర్వనామం చేసే పనిని తెలుగు ‘మేము’, ‘మనము’ అని రెండుగా పంచింది. మాట్లాడేవాడు ఎదుటివారిని కలుపుకుంటున్నాడో లేదో వాక్యం మొదట్లోనే తేల్చుకోవాలి. ‘మేము పండుగ చేసుకున్నాం’ అన్నప్పుడు వింటున్న స్నేహితుడు ఆ పండుగలో లేడు. ‘వచ్చే సంక్రాంతికి అరిసెలు చేద్దాం’ అన్నప్పుడు మాత్రం, సర్వనామం ఊసే లేకపోయినా, ఆ ‘దాం’ ప్రత్యయంలోనే అతనికీ పొయ్యి దగ్గర చోటు ఉంది.